జతలో రెండో పిస్తోలు

ఫోను మోగేసరికి రెమాకల్ దెత్యే రెండో మాంసపుండను సగానికి కోస్తున్నాడు. లియేజ్ మార్కెట్ వీధిలోని ఆ హోటల్లో పళ్ళపాకంతో చేసే పులుసంటే అతనికి ప్రాణం. ఉండలు రెండు, పక్కన కరకరలాడే బంగాళాదుంప వేపుళ్ళు, కిటికీ బయట సన్నటి వాన. ఇంతకంటే ఏం కావాలనిపించే మధ్యాహ్నం.

హోటలు యజమానురాలు గల్లాపెట్టె దగ్గర్నుంచి రిసీవరు ఊపింది. "మీకే. బేకరీ వాళ్ళట. నోట్లో ముద్ద ఉండగానే టార్ట్ గురించి బెంగపెట్టుకునే మనిషిని మిమ్మల్నే చూశాను."

అటునుంచి కర్నల్ పిరార్ గొంతు, బేకరీ గుమాస్తాలా మెత్తగా వినిపించింది. "మీ అత్తగారి పుట్టినరోజుకి చెప్పిన బియ్యం టార్ట్ పొయ్యిలోంచి తీశామండి. ఎక్కడా పగల్లేదు."

"ఒక్కచోట కూడానా?"

"భూతద్దం పెట్టి చూశాను. నున్నగా ఉంది."

రెమాకల్‌కు అత్తగారు లేరు. అసలు పెళ్ళే కాలేదు. అయినా కొత్త అల్లుడిలా మొహం వెలిగిపోతుండగా బల్ల దగ్గరికి వచ్చి, తన ప్లేటులోని వేపుళ్ళు సగం పక్క బల్ల ముసలాయనకు వడ్డించాడు. ముసలాయన అనుమానంగా చూసి, వేపుళ్ళను కాదనడం మర్యాద కాదన్నట్టు తిన్నాడు.

ఆ మాటకు అర్థం ఒక్కటే. ఒట్మార్ వస్తున్నాడు.

ఒట్మార్ కెస్నర్ సరిహద్దుకు అవతల, తూర్పు జర్మనీలోని సూల్ ఊళ్ళో తుపాకుల మీద నగిషీ చెక్కుతాడు. అక్కడివాళ్ళకు డాలర్ల కరువు. పాత కోటల గోడల మీంచి దించిన తుపాకులను బాగుచేయించి పడమటి దేశాల వేలంపాటలకు పంపుతారు. బాగుచేసే చెయ్యి ఒట్మార్‌ది. ఏదో ఒక తుపాకి మడమ కింద కర్ర తొలిచి, బియ్యపుగింజంత ఫిల్ము దాచి పంపేవాడు. క్షిపణుల స్థావరాలు, రైళ్ళ రాకపోకలు అన్నీ అలా లియేజ్ చేరేవి. ఏళ్ళ తరబడి వాటిని అందుకున్నది రెమాకలే. మనిషిని మాత్రం ఎన్నడూ చూడలేదు. ఫొటో కూడా లేదు. ఆ చేతిపనే తెలుసు. ఆకు చెక్కితే ఈనె చివర ఒక్క గీత ఎక్కువ పడుతుంది, కుందేలు చెక్కితే దాని చెవి కొంచెం నవ్వుతున్నట్టుంటుంది. తుపాకులు చేసే ఇంట్లో పుట్టిన రెమాకల్‌కు అంతకంటే పెద్ద పరిచయం అక్కర్లేకపోయింది.

ఆఖరి ఫిల్ములో ఒట్మార్ ఇలా రాశాడు. డిసెంబరు వేలానికి సరుకుతోపాటు నన్నూ పంపుతామంటున్నారు. వచ్చాక తిరిగి వెళ్ళను. ముందుగా వచ్చే సరుకులో చెకుముకి పిస్తోళ్ళ జత ఒకటి ఉంటుంది. వాటి స్క్రూల గాడులన్నీ గొట్టం పొడవునా ఒకే దిక్కు చూస్తుంటే, వచ్చేవాణ్ణి నేనే. ఒక్కటి పక్కకు తిరిగి ఉన్నా, నా పేరుతో వచ్చేవాణ్ణి నమ్మకండి.

కర్నల్ భూతద్దం పెట్టి చూసింది వేలం కేటలాగులోని ఫొటోని. గాడులన్నీ నిలువుగానే ఉన్నాయి.

*

"కూర్చో నాయనా." పాత స్టాంపుల దుకాణం మేడమీద, చలికి కోటు విప్పని కర్నల్ పిరార్ ఫైలు మూశాడు. "రేపు సరుకు చూసుకునే రోజు, ఎల్లుండి వేలం. రేపే పని అయిపోవాలి. నువ్వు మాస్ట్రిక్ట్ నుంచి వచ్చిన పళ్ళ డాక్టరువి."

"పళ్ళ డాక్టరెందుకు?"

"తుపాకులు పోగేసేవాళ్ళలో సగంమంది వాళ్ళే. ఎవడూ రెండోసారి చూడడు."

"ఒట్మార్‌ని ఎక్కడికి చేరుస్తాం?"

"వెర్వియేలో బెర్తిన్ బేకరీకి. వ్యాన్ వెనక గుమ్మంలో ఉంటుంది. రొట్టెల బుట్టల మధ్య కూర్చోబెట్టు." కర్నల్ కాస్త ఆగాడు. "బెర్తిన్ ముఖం అవతలివాళ్ళలో ఎవరికీ తెలియదు. తెలిస్తే సరిహద్దుకు అవతల ఆవిడని నమ్ముకున్నవాళ్ళందరూ తూటాలకు ఎదురుగా గోడ పక్కన నిలబడాల్సిందే. ఒట్మార్ కాబట్టి ఒప్పుకున్నాను."

తర్వాత సొరుగులోంచి పరికరాలు తీశాడు. కంటికి బిగించుకునే భూతద్దంలో కెమెరా, చేతికర్రలో రేడియో.

"ఈ కర్ర పనిచేస్తుందా?"

"లక్సెంబర్గ్ వాతావరణ వార్తలు బ్రహ్మాండంగా వస్తాయి. మన స్టేషను దొరికితే నీ అదృష్టం."

"మరి సిదోనీ?"

కర్నల్ మొహం ముడుచుకుంది. సిదోనీ రాన్సన్ వేలం సంస్థలో తుపాకులకు వెల కట్టే నిపుణురాలు. నక్క తోలు కాలరు, ఎర్ర కారు, ఎదుటివాడు తన అబద్ధాన్నే మరిచిపోయేలా చేసే నవ్వు. కర్నల్ నడిపే గూఢచారి శాఖకు సమాచారం ఇస్తుంది. అవతలివాళ్ళకూ ఇస్తుందని కర్నల్ అనుమానం. రెమాకల్‌కు అనుమానం లేదు, నమ్మకమే. "ఆవిడకి స్క్రూ సంగతి తెలియదు," అన్నాడు కర్నల్. "తెలియనివ్వకు."

*

హాల్లో పొడవాటి బల్లల మీద ఆకుపచ్చ గుడ్డ, దాని మీద తుపాకులు. తెల్లటి నూలు తొడుగుల చేతులు వాటిని ఎత్తుతున్నాయి, దించుతున్నాయి. ఇక్కడ పెద్దగా మాట్లాడేవాళ్ళుండరు. నచ్చిన తుపాకిని కొనదలచుకున్నవాడు దాన్ని చూసి పెదవి విరుస్తాడు, వద్దనుకున్నవాడే మెచ్చుకుంటాడు.

రెమాకల్‌కు పెట్టుడు మీసం దురద పెడుతోంది. అంతకంటే పెద్ద చిక్కు, పళ్ళ డాక్టరన్న మాట హాలంతా పాకింది. ఒక ముసలి దొరసాని అతని భుజం తట్టి నోరు తెరిచింది. "ఎడం వైపు, పైన. చల్లటిది తగిలితే ప్రాణం పోతోంది."

అతను వంగి చూశాడు. "లవంగం పెట్టుకోండమ్మా."

"మా డాక్టరూ అదే అన్నాడు. మీరంతా ఒక్కటే," అంటూ ఆవిడ వెళ్ళిపోయింది.

చెకుముకి పిస్తోళ్ళ జత గాజుపెట్టె పక్కనుంది. దాని వెనక బూడిదరంగు సూటులో ఒక బక్కపలుచని మనిషి నిలబడి ఉన్నాడు. పొట్టిగా కత్తిరించిన జుట్టు, మందపాటి కళ్ళద్దాలు. రెమాకల్ పిస్తోలు ఎత్తి భూతద్దం బిగించి చూశాడు. ఆకు ఈనె చివర ఒక్క గీత ఎక్కువుంది. కుందేలు చెవి నవ్వుతోంది. గాడులన్నీ నిలువుగా, కవాతులో సిపాయిల్లా ఉన్నాయి. రెండోదీ అంతే.

"ఇది ఇంకా పేలుతుందంటారా?" అని అడిగాడు, అనుకున్న మాట ప్రకారం.

"ఈ వయసులో దానికి విశ్రాంతే మేలు," అన్నాడు ఆ మనిషి. అదీ అనుకున్న మాటే.

రెమాకల్ తొడుగు తీసేసి ఆ చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకోకూడదు, పద్ధతి కాదు. అయినా ఆగలేకపోయాడు. వెనక గుమ్మం దాకా మాట్లాడుతూ తీసుకెళ్ళి, వ్యాన్లో రొట్టెల బుట్టల మధ్య కూర్చోబెట్టాడు. పొద్దున దారిలో కొన్న వెచ్చటి తీపి వాఫిళ్ళ పొట్లం అతని ఒళ్ళో పెట్టాడు. "దారిలో తిను. పంచదార పలుకులు పళ్ళకింద పడితే భయపడకు, అలాగే ఉంటాయి."

వ్యాన్ వాన చినుకుల్లో మలుపు తిరిగింది.

*

"ఏంటి డాక్టరుగారూ, మొహం పౌర్ణమిలా ఉంది?" సిదోనీ గాజుపెట్టెకు ఆనుకుని నిలబడింది. "ఎవరి పన్నైనా పీకారా?"

"మంచి సరుకు చూస్తే ఎవరికుండదు సంతోషం? ఈ జతకి వెల ఎంత కట్టావు?"

"వేలంలో నిలబడి చూడండి. ఉచితంగా చెప్పే రోజులు పోయాయి." ఆమె పిస్తోలును పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తింది. "ఈ చేతిపని ఎవరిదో పేరు తెలీదు కానీ, ఏళ్ళుగా చూస్తున్నాను. ఈయన్ని ఎప్పుడైనా కలిస్తే ఆ వేళ్ళు ముద్దుపెట్టుకుంటాను. మీకు అసూయ రాకపోతే."

"వస్తుంది."

"రానివ్వండి." ఆమె గొంతు తగ్గించింది. "మీరు పళ్ళ డాక్టరు కాదని నాకు తెలుసు కాబట్టి ఒకటి చెప్తాను, నవ్వకూడదు. వేలానికొచ్చిన సరుకుని మేం ముట్టుకోకూడదు. లోపముంటే ఉన్నట్టే చూపించాలి. మా నాన్న ఇదే హాల్లో వెల కట్టేవాడు, చచ్చేదాకా ఆ నియమం తప్పలేదు. నేను తప్పాను."

"ఏం చేశావు?"

"పెట్టె విప్పేసరికి ఈ పిస్తోలు కిందివైపు స్క్రూ ఒకటి పక్కకి తిరిగి ఉంది. పెద్ద వంకరేం కాదు. కానీ ఇంత పని చేసిన మనిషి అలా వదిలేస్తాడా? దారిలో ఏ సుంకం వెధవో కెలికాడనుకున్నాను. రాత్రంతా నిద్రపట్టలేదు. పొద్దున్నే వచ్చి, ఫొటోవాడు రాకముందే నిలువుగా తిప్పేశాను." ఆమె నవ్వింది. "మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు."

రెమాకల్ పిస్తోలు అందుకుని ఆ స్క్రూ కేసి చూశాడు. హాల్లో దీపాలన్నీ ఉన్నచోటే ఉన్నాయి కానీ వెలుగు మాత్రం తగ్గినట్టనిపించింది.

వచ్చినవాడు ఒట్మార్ కాదు. సంకేతపు మాట చెప్పాడంటే, అది ఒట్మార్ నోటినుంచి రాబట్టారు. ఎలా రాబట్టి ఉంటారో ఊహించనక్కర్లేదు. అంతా చెప్పినా స్క్రూ సంగతి మాత్రం చెప్పలేదు. ఆ ఒక్క ముక్కా దాచుకుని పంపితే, ఇక్కడ చక్కగా సరిచేసి ఫొటో తీశారు.

ఇప్పుడు ఆ వాఫిళ్ళు తింటున్నవాడు బెర్తిన్ ముఖం చూడ్డానికి వెళ్తున్నాడు.

అతను ఆఫీసు గదిలోకి పరుగెత్తి బేకరీకి ఫోను చేశాడు. లైను ఖాళీ లేదు. మళ్ళీ చేశాడు. సెయింట్ నికొలస్ పండగ ముంగిట్లో బేకరీ ఫోను ఖాళీగా ఉంటుందా, ఊళ్ళో పిల్లలందరికీ మసాలా బిస్కట్లు కావాలి. చేతికర్ర మీట నొక్కాడు. లక్సెంబర్గ్‌లో రేపు పొగమంచు కురుస్తుందని తెలిసింది.

సిదోనీ గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె మొహంలో నవ్వు లేదు. "ఆ స్క్రూ... ఆయనే తిప్పాడా?"

"కారు తాళాలు."

"నేనే నడుపుతాను. నేనెవరి వైపో దారిలో అడక్కు, నాకే తెలీదు. ఎక్కు."

*

నది దాటగానే దారి మూసుకుపోయింది. మురికి తెల్లకోట్లు వేసుకున్న కాలేజీ విద్యార్థులు రోడ్డుకు అడ్డంగా గొలుసు కట్టి, వచ్చిన ప్రతి కారునూ ఆపుతున్నారు. సెయింట్ నికొలస్ పేరు చెప్పి బీరుకు చందా ఏటా అడిగేదే. ఇవ్వనివాళ్ళ కారు మీద గుడ్లు, పిండి.

"మా తాతగారు ఆస్పత్రిలో ఉన్నారు," అంది సిదోనీ.

"అందరి తాతలూ అక్కడే ఉన్నారక్కా. ఇప్పుడే రొట్టెల వ్యానువాడూ అదే చెప్పాడు," అన్నాడు గడ్డం కుర్రాడు. "పాపం, వాణ్ణి చాలాసేపు ఆపేశాం."

రెమాకల్‌కు ఆ కుర్రాణ్ణి కౌగిలించుకోవాలనిపించింది. అంతలోనే కిటికీలోంచి పిండిసంచి ఒకటి వచ్చి అతని ఒళ్ళో పడింది. సిదోనీ గేరు మార్చింది. కుర్రాళ్ళు పక్కకు దూకారు.

వెర్వియే దారిలో ఆమె అంది, "మా అమ్మ లైప్సిగ్‌లో ఉంది. వాళ్ళు అడిగింది చెప్తే ఆవిడకి మందులు ఇస్తారు. అంతే నా రాజకీయం." అతను తలూపాడు. కోపం తెచ్చుకుందామని చూశాడు, రాలేదు.

బేకరీ ముందు వ్యాన్ ఆగి ఉంది. బూడిదరంగు సూటు మెట్లెక్కుతోంది. ఆ మనిషి తలుపు తోశాడు, పైనున్న గంట గణగణలాడింది. కొట్టు వెనక పూలతెర కదిలింది. బెర్తిన్ లావుపాటి చెయ్యి తెర పక్కకు తీస్తోంది.

కాల్చడానికి రెమాకల్ దగ్గర తుపాకి లేదు. రోజంతా రెండువందల తుపాకుల మధ్య గడిపాడు, ఒక్కటీ పేలేది కాదు. చేతిలో ఉన్నది పిండిసంచి. "ఒట్మార్," అని పిలిచాడు. ఆ మనిషి వెనక్కి తిరిగాడు. సంచి అతని కళ్ళద్దాల మీద పగిలింది.

పిండి దుమ్ము అణిగేలోగా అతను నేలమీద ఉన్నాడు. నడుం మీద రెమాకల్ మోకాలు, తలకు సిదోనీ నక్కతోలు కాలరు ముసుగులా బిగించి ఉన్నాయి. కోటు లోపలి జేబులోంచి గుండీ అంత కెమెరా దొర్లి అల్మారా కిందకు పోయింది.

తెర వెనక నుంచి బెర్తిన్ అడుగు బయట పెట్టకుండానే అరిచింది. "పండగ రోజుల్లో నా కొట్లో పిండి పారబోసే పనికిమాలినవాడెవడు?"

"నేనేనక్కా. బయటికి రాకు."

"రానులే. చీపురు మాత్రం నువ్వే పట్టు."

*

సాయంత్రం స్టాంపుల దుకాణం మేడమీద ఆ మనిషి ఎక్కువ మాట్లాడలేదు. ఒట్మార్ ఏమయ్యాడన్న ఒక్క ప్రశ్నకే జవాబిచ్చాడు. అదీ వాఫిళ్ళ మర్యాద కోసమో ఏమో.

"నేను చూసినప్పుడు బతికే ఉన్నాడు. జైల్లోనే పని చేయిస్తున్నారు, తుపాకులు పంపాలిగా. నగిషీ అయిపోయాక కళ్ళద్దాలు తీసేసుకున్నారు." తన ముక్కు మీది మందపాటి అద్దాలు తడుముకున్నాడు. "ఇవే."

అతన్ని కిందికి తీసుకెళ్ళారు. కళ్ళద్దాలు లేని నగిషీవాడు. ఆ చీకట్లో బొటనవేలి గోటితో గాడి తడుముకుని, దిక్కు చూసుకుని, కాస్తంత పక్కకు తిప్పి పంపాడు. దేశాలు దాటి వచ్చిన ఆ కాస్త వంకరా లియేజ్‌లో సరైపోయింది.

"వీణ్ణిచ్చి ఆయన్ని అడగలేమా?" అన్నాడు రెమాకల్.

"వీడు మావాడే కాదంటారు. బెర్తిన్ దక్కింది, నాయనా. అదే చాలనుకో." కర్నల్ బేకరీ నుంచి వచ్చిన టార్ట్ కోసి ముగ్గురికీ పెట్టాడు. ఎవరూ తినలేదు. "ఒట్మార్‌ని మరిచిపో. ఆయన హెచ్చరిక మనకి చేరిందని చెప్పే దారి కూడా లేదు. మనం నమ్మి మోసపోయామనే అనుకుంటూ పోతాడు."

రెమాకల్ టార్ట్ మీది నున్నటి పొరకేసి చూస్తున్నాడు. "అమ్ముడుపోని సరుకుని ఏం చేస్తారు?"

"వచ్చిన చోటికే పంపేస్తాం," అంది సిదోనీ. "లోపముంటే బాగుచేసి మళ్ళీ పంపమంటాం."

"బాగుచేసేది ఎవరు?"

ఆమెకు అర్థమైంది. "ఆయన ఇంకా ఉంటేనే."

"ఉంటేనే. ఆయన తిప్పిన స్క్రూని మళ్ళీ అంతే వంకరగా తిప్పుదాం. జతలో రెండో పిస్తోలుకి కూడా అదే స్క్రూని అంతే తిప్పుదాం. మొదటిది ఆయన మాట, రెండోది మన జవాబు. కళ్ళతో పన్లేదు, గోరు చాలు."

"ఆయన లేకపోతే?"

"ఎవడో ఒకడు రెంటినీ సరిచేస్తాడు. వ్యవహారం అక్కడితో సరి."

కర్నల్ గడ్డం గోక్కున్నాడు. "అంత అందమైన జత అమ్ముడుపోకుండా ఎలా ఉంటుంది? ఆ పళ్ళ డాక్టర్లంతా ఎగబడరూ?"

ఇద్దరూ సిదోనీ వైపు చూశారు. ఆమె పిండి అంటిన కాలరును ఒళ్ళో పెట్టుకుని దులపసాగింది. అవతలివాళ్ళకు ఏళ్ళుగా ఏమేం చెప్పిందో ఒప్పుకోవడానికి ఈ సాయంత్రం ఆమెకు కాఫీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. ఇప్పుడు మాత్రం కాఫీ ఎప్పుడో చల్లారిపోయింది.

"సరే," అంది చివరికి. "రేపు పొద్దున ఆ జత వంతు రాగానే, మా నాన్న నిలబడిన చోటే లేచి నిలబడి, స్క్రూలు వంకరగా ఉన్నాయి, సరుకుని కెలికింది నేనే, కొనకండి అని హాల్లో అందరికీ చెప్తాను. ఒక్క ఉపకారం చెయ్యండి. ముందుగా నేను రెండు దేశాల గూఢచారినని ప్రకటించండి. కాస్త పరువు మిగులుతుంది."